చెవి చెప్పని నట్టు

స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వినడం మా ఉస్తాదు నాకు నేర్పిన మొదటి చదువు. ఏడో తరగతి మధ్యలో బడికి సెలవిచ్చి ఆయన షెడ్డులో చేరాను కాబట్టి అదే ఆఖరి చదువు కూడా. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీదున్న ఆ షెడ్డు ఇప్పుడు నాది. ఉస్తాదు పోయారు, స్క్రూడ్రైవరు మిగిలింది. దాని చెక్క పిడి నా చెవి ఆకారానికి అరిగిపోయిందని వచ్చినవాళ్ళతో అంటుంటాను. నిజానికి అరిగింది చెవి.

ఎడమ చెవి పోయి నాలుగేళ్ళయింది. కుడిది కూడా దాని వెనకాలే బయల్దేరింది. సుత్తి దెబ్బల మధ్య ముప్పై ఏళ్ళు బతికితే అంతే మరి. ఎవరికీ చెప్పలేదు. కొత్త కార్లకైతే కంప్యూటరుంది, వైరు తగిలిస్తే జబ్బేమిటో రాసిస్తుంది. నా దగ్గరికొచ్చేవి పాతకాలపు కార్లు. వాటికి మెకానిక్కు చెవే దిక్కు. అది పనిచేయడం లేదని తెలిస్తే నేను పంక్చర్లు వేసుకుని బతకాలి. అందుకని జోకులు పెంచాను. నేనే మాట్లాడుతూ ఉంటే అవతలివాళ్ళది వినే పని తగ్గుతుంది. మిగిలింది వాళ్ళ పెదాలు చూసి పోల్చుకుంటాను.

ఉస్తాదుది ఒక కట్టుబాటు: చెవి చెప్పని నట్టు ముట్టకూడదు. పాత ఇంజనులో నట్లు ఏళ్ళ తరబడి కుదురుకుని ఉంటాయి, బాగున్నదాన్ని విప్పితే లేని రోగం అంటిస్తామనేవారు. మా షెడ్డుకు పేరొచ్చిందే దానివల్ల. రోగమున్నచోటే విప్పుతారని అచ్చంపేట నుంచి కూడా వచ్చేవాళ్ళు.

పోయిన ఎండాకాలం రొంపిచెర్ల నుంచి మా లెక్కల మాస్టారు కారు తెచ్చారు. నేను బడి మానేసిన రోజున మా ఇంటికొచ్చి మా నాన్నతో పోట్లాడిన మాస్టారు ఆయనే. ఆ కారు వాళ్ళ మామగారు మిరప వ్యాపారం చేసే రోజుల్లో కొన్నది, నాకంటే వయసులో పెద్దది. కొన్నాళ్ళుగా ఇంజనులో ఏదో కొడుతోందట.

"జాగ్రత్తగా విను. క్రాంకు పోయిందంటే దీనికి ఇంకోటి దొరకదు" అన్నారు. ఆ మాట ఆయన చెప్పనక్కర్లేదు. ఇంజనుకు వెన్నెముక లాంటి ఆ ఇనుప కడ్డీ ఈ మోడలుకు తయారవడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది.

ఇంజను స్టార్టు చేయించి స్క్రూడ్రైవరు కుడి చెవికి పెట్టాను. ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టుంది, అంతే. అప్పుడు పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాను. ఈ మధ్య నేను కనిపెట్టిన విద్య అది. అదురు దవడ ఎముక గుండా తలలోకి ఎక్కుతుంది.

"ఏందిరా, ఇంజను రుచి చూస్తున్నావా?"

"ఉప్పు తక్కువైంది మాస్టారూ."

ఆయన నవ్వారు. పళ్ళకు దెబ్బ తెలుస్తోంది. కానీ అది ఏ దెబ్బో తెలియడం లేదు. పిస్టను కిందుండే కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగితే పైపైన టకటకలాడుతుంది. క్రాంకును మోసే మెయిన్ బేరింగు అరిగితే లోతుగా, గుమ్మాన్ని బయటినుంచి గుద్దినట్టు వినబడుతుంది. ఆ తేడా చెవికే తెలుస్తుంది, పళ్ళకు తెలియదు. ఏ సిలిండరు ఆగితే దెబ్బ తగ్గుతుందో చూద్దామని ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకాను. మూడోది పీకినప్పుడు అదురు కొంచెం తగ్గినట్టనిపించింది. "మూడోదాని రాడ్డు బేరింగు" అని ఉస్తాదు లాగే తీర్పు చెప్పేశాను.

కింద ఆయిలు చాంబరు దించి, మూడో రాడ్డు విప్పాను. బేరింగు మీది తెల్లలోహం పూత అరిగిపోయి అడుగున రాగి బయటపడింది. నా చెవి ఇంకా చావలేదనుకుని ఎంత మురిసిపోయానో. హైదరాబాదులో పాత సామాను కొట్లన్నీ వెతికించి కొత్త బేరింగు తెప్పించి బిగించాను. చాంబరు ఇంకా తెరిచే ఉంది. నడిమి మెయిన్ బేరింగు నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. రెండు బోల్టులు, అరగంట పని. స్పానరు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కొచ్చింది. విప్పితే, చెవి చెప్పకుండా విప్పినట్టే. ఇంకెవరికి తెలిసినా తెలియకపోయినా నాకు తెలుస్తుంది. చాంబరు మూసేశాను.

స్టార్టు చేశాక మాస్టారు బానెట్టు మీదికి వంగి చాలాసేపు విన్నారు.

"లోపల ఇంకా ఏదో గుద్దుతోందిరా. లోతుగా."

"కొత్త బేరింగు కదా మాస్టారూ, కొత్త కోడలు వంటింట్లో గిన్నెలు మోగించినట్టే. నాలుగు రోజుల్లో సర్దుకుంటది."

ఆయన నవ్వారు, నేను ఇంకా గట్టిగా నవ్వాను. సరిగ్గా విన్న మనిషిదే తప్పని వినపడని మనిషి తేల్చాడు.

పదో రోజున కారు ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని వచ్చింది. క్రాంకు నడిమికి రెండు ముక్కలయింది. నేను విప్పని మెయిన్ బేరింగును ఇప్పుడు విప్పి చూస్తే కాగితమంత పల్చగా ఉంది. దాన్ని కారు వెంట వచ్చిన మాస్టారి అరచేతిలో పెట్టాను. అప్పుడు చెప్పాను నాకు వినపడదని. ఎవరితోనైనా అనడం అదే మొదలు. జోకు వేద్దామంటే ఒక్కటీ తోచలేదు.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నాకు వినపడాలని, అక్షరం అక్షరం నోరు తెరిచి పలికారు.

"నాకు వినపడింది గదరా. నువ్వూ విన్నావనుకున్నా."

ఆయన ఎవరికీ చెప్పలేదు. షెడ్డు నడుస్తోంది. ఇప్పుడు ప్రతి ఇంజనులోనూ ప్రతి నట్టూ విప్పుతున్నాను. జాగ్రత్త పెరిగిందని మెచ్చుకుంటున్నారు.

కారు షెడ్డు వెనక ఉంది. క్రాంకు కోసం తెలిసిన ఊళ్ళన్నీ అడిగాను, ఎక్కడా లేదు. మాస్టారు శుక్రవారం శుక్రవారం బస్సెక్కి వస్తారు. డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, ఎదురుగా గోడను చూస్తూ ఏదో మాట్లాడతారు. పక్క సీట్లో నేనుంటాను. ఆయన పెదాలు నాకు కనపడవు. మాట ఆపినట్టు తోచినప్పుడల్లా "అవును మాస్టారూ" అంటాను.

మొన్న అలా అన్నప్పుడు ఆయన స్టీరింగు మీంచి చేతులు తీసి, నా వైపు తిరిగి చాలాసేపు చూశారు. ఏమి అడిగారో నాకు తెలియదు.