పరీక్ష నీళ్లు

మొన్న పొద్దున ఎదురింటావిడ కొళాయి కింద బిందె పెట్టి మరిచిపోయింది. బిందె నిండి, నీళ్లు అంచు మీంచి వీధిలోకి జారుతున్న చప్పుడు. గోదావరి ఒడ్డున ఉండేవాళ్లకు అదొక చప్పుడే కాదు. నేను మాత్రం కాఫీ గ్లాసుతోనే పరుగెత్తి కొళాయి కట్టేశాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. నాది అనంతపురం చదువని ఆమెకెలా చెప్పను?

అనంతపురంలో, రాళ్లతో కట్టిన పాత కాలేజీ వెనక సందులో ఉండేది సుంకమ్మక్క ఇల్లు. కాలేజీలో ఊడ్చే పని ఆమెది. ఉన్న రెండు గదుల్లో ఒకటి ఆడపిల్లలకు అద్దెకిచ్చేది. ఉరవకొండ నుంచి నేను, పామిడి నుంచి పర్వీన్ అందులో ఉండేవాళ్లం. ఆ ఊరికి పంచాంగమంటే పరీక్షలే. కూరగాయలామె కూడా వంకాయలు తూస్తూ ఈరోజు ఏ పేపరని అడిగేది. ముత్తాతల నాటి ఆ రాతి వసారాల్లో నడుస్తుంటే, వేరుశనగ చేలో కలుపు తీసిన నేనూ ఇక్కడిదాన్నే అనిపించేది. ఏప్రిల్ దాటితే గదులకు తాళాలు పడి సందులన్నీ బావురుమనేవి. ఆ ఊరి మీద బెంగ నాకు ఇప్పటికీ తీరలేదు.

నీళ్లు మూడు రోజులకోసారి వచ్చేవి. సుంకమ్మక్క ఇంట్లో ఒకటే చట్టం. పరీక్ష ఉన్నవాళ్లకు తలారా స్నానం, లేనివాళ్లకు మిగిలితే. మిగలకపోతే పౌడరే గతి.

రెండో ఏడాది లెక్కల పేపరు రోజున పరీక్ష నీళ్లన్నీ నిక్షేపంగా పోసుకున్నాను. ఆ రోజు పరీక్ష లేని పర్వీన్ ఉత్త మొహంతో క్లాసుకు వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే నేను సంచి సర్దుకున్నాను. లెక్కలు తప్పితే చదువు చాలించి చేలోకి రమ్మని నాయన ముందే చెప్పాడు. తప్పి వెళ్లడం కన్నా మానేసి వెళ్లడమే పరువనిపించింది నా బుర్రకు.

హాల్లో నా బల్ల ఖాళీగా ఉండడం చూసి, సుంకమ్మక్క చీపురు పక్కన పడేసి ఇంటికొచ్చింది. అప్పటికి నేను గడప దాటుతున్నాను.

“యాడికి పోతాండావ్ పాపా?”

“ఊరికక్కా. నాకు ఒక్క లెక్కా రాదు.”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“రాకుంటే రాకపోనీ. ఆ నీళ్లు పరీక్షకని పోసినా, బస్సెక్కేదానికి కాదు. పర్వీన్ మొగం గూడా కడుక్కోకుండా పోయింది. పోయి కూచో.”

పరీక్ష మొదలయ్యాక అరగంట దాకానే లోపలికి రానిచ్చేవాళ్లు. ఆ గడువులో ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి. హాలు గుమ్మం దాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పేపరు ఎలాగూ తప్పాను. కానీ అలా కూర్చోవడం వల్ల మిగతావన్నీ రాశాను. తప్పింది ఒక్కటేనని నాయన మెత్తబడ్డాడు. మళ్లీ రాస్తే అదీ గట్టెక్కింది. నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు, సుంకమ్మక్క పోయిన కబురు పర్వీన్ ఫోన్‌లో చెప్పింది. ఆ పూట పరీక్ష డ్యూటీలో ఉండి నేను వెళ్లలేకపోయాను. ఆ బాధ నన్ను వదలదు.

నేనిప్పుడు ఇక్కడి కాలేజీలో లెక్చరర్‌ని. పరీక్ష మొదలయ్యాక ఏ బల్లయినా ఖాళీగా కనిపిస్తే నాకు కుదురుండదు. హాలు పక్కవాళ్లకు అప్పజెప్పి, గేటు దాకా వెళ్లి రోడ్డు వైపు చూస్తాను. చాలాసార్లు ఎవరూ రారు. సుంకమ్మక్క నా కోసం ఇంటిదాకా వచ్చింది. నేను ఇన్నేళ్లయినా గేటు దగ్గరే ఆగిపోతున్నాను.