ఫ్యాను పక్కన చామంతులు

ఈ ఏడాది ఆయుధపూజకు తిరుపతిలో ఉంటున్న మా వదిన దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం పూజలోగా పని ముగించాలని ఆమె కొడుకు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అంతవరకూ ఉందో లేదో తెలియనంత మెల్లగా తిరుగుతున్న దాని లోపలి ఫ్యాను ఉన్నట్టుండి గుయ్యిమని అందుకుంది, కాసేపటికి దానంతటదే తగ్గింది. వాడు తల కూడా ఎత్తలేదు. నేను మాత్రం చేతిలోని వక్కాకు నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి వింటూ ఉండిపోయాను. అలా పెరిగి తగ్గే ఫ్యాను చప్పుడు నేను మొదటిసారి విన్నది, మా అన్న చేసిన దాంట్లో.

మన తరం వాళ్లకు మైకుసెట్టు గురించి చెప్పనక్కరలేదు. పెళ్లయినా, చెవులు కుట్టినా, తెల్లవారకముందే ఊరంతా పాట వినిపించకపోతే అది శుభకార్యమే కాదనుకున్న కాలం. తిరుచానూరులో మా నాయనకు మైకుసెట్లు బాడుగకిచ్చే అంగడి ఉండేది, మా అన్న అందులోనే పెరిగాడు. మా ఎండల సంగతి తెలిసిందే గదా, ఆంప్లిఫయరు వెనక వేడిని లాగడానికి బిగించిన అల్యూమినియం రేకుల మీద దోసె పోసుకోవచ్చని నాయన నవ్వేవాడు. అది మాడిపోకుండా పక్కన ఒక ఫ్యాను పెట్టాడు గానీ, ఆ ఫ్యాను వేడి ఉన్నా లేకపోయినా ఒకటే వేగంతో రొద పెట్టేది, ఆ రొద మైకులో దూరి, పంతులుగారి మంత్రం కన్నా ముందు పెళ్లిపందిట్లో అదే వినపడేది.

మా అన్నకు అది కంటగింపుగా ఉండేది. మద్రాసులో పాత సామాను అంగళ్లు తిరిగి మిరియపు గింజంత పూసను ఒకదాన్ని తెచ్చాడు. అది వేడిని కనిపెట్టే పూస. దాన్ని రేకుల సందులో దోపి, తీగలు కలిపి, ఏవేవో అతికించి, చివరికి సాధించాడు. పూసకు వేడి తగలకపోతే ఫ్యాను నిద్రమత్తులో ఉన్నట్టు తిరిగేది, వేడెక్కేకొద్దీ వేగం అందుకునేది. నాయనకు నచ్చలేదు. "తిరిగే ఫ్యానుకు బుద్ధి నేర్పించేది యాలరా అబ్బా" అని గొణిగాడు. కానీ చిత్తూరులో టీవీల అంగడి పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఒక పెళ్లిలో దాన్ని చూసి, ఇట్లాంటివి చేసిస్తే నా అంగట్లో అమ్మిపెడతానని మాటిచ్చాడు. ఆ నెలంతా మా అన్న నేల మీద నడవలేదు. ఆ ఏడు దసరా పోగానే చిత్తూరు వెళ్లి పని మొదలుపెట్టాలని వదినా ఆయనా మూట కూడా సర్దుకున్నారు.

వదిన అప్పటికి కొత్త కోడలు. ఆమె కాపురానికొచ్చిన ఏడాదే మా అమ్మ పోయింది. పాదం మంచిది కాదని మేనత్తలు ఆమెకు వినపడేటట్టే అనుకునేవారు. తల వంచుకుని పని చేసుకుపోవడం తప్ప ఆమె ఎన్నడూ మారు పలికింది లేదు. ఆ ఆయుధపూజకు అంగట్లో ఉన్న సామానంతా తనే తుడిచింది, గంధం పెట్టింది, కుంకుమ పెట్టింది. మా అన్న చేసిన దానికి మాత్రం ఇంకాస్త ప్రేమగా, వెనక రేకుల చుట్టూ చామంతుల సరం చుట్టింది. పూజలో పెట్టిన పూలు వాటంతటవే రాలాలే గానీ మనం తీయకూడదని మా ఇళ్లలో పట్టింపు. అందుకే మరునాడు పుత్తూరు దగ్గర ఒక పల్లెలో భజన పోటీలకు సెట్టు బయలుదేరినప్పుడు పూలతోనే బయలుదేరింది, వాడకుండా వదిన వాటి మీద నీళ్లు కూడా చల్లింది.

పాడడానికి పేరిచ్చి నేనూ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, రెండో జట్టు పాడుతుండగా మైకు గరగరమని ఆగిపోయింది, పొగ లేచింది. నేనూ అన్నా వెనక్కి పరిగెత్తాం. రేకులు చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్నాయి, ఫ్యాను మాత్రం ఏమీ ఎరగనట్టు మెల్లగా తిరుగుతోంది. అన్న వంగి చూశాడు. సరం బిగించి చుట్టడంలో పూస సందులోంచి బయటికి వచ్చేసి, తడి చామంతుల మధ్య చల్లగా పడి ఉంది.

ఆయన నా వైపు చూశాడు. గబగబా సరం విప్పి చొక్కా జేబులో కుక్కుకున్నాడు. అంతలో నాయన వచ్చి, ఊరి జనం ముందరే, దానికి బుద్ధి నేర్పించబోయి ఉన్నదాన్ని తగలబెట్టినావు గదరా అన్నాడు. అంగడికంతా ఆధారం ఆ ఆంప్లిఫయరే. "నేను సేసిందాంట్లోనే తప్పుండాది నాయనా" అన్నాడు అన్న. తిరిగి వచ్చేటప్పుడు నాతో ఒక్క మాటే చెప్పాడు. "మీ వదినకు తెలియకూడదు పాపా. ఇప్పటికే ఆమెను అనేవాళ్లు సాలామంది ఉండారు."

కాలిపోయిన కబురు మాకన్నా ముందే చిత్తూరు చేరింది, ఆ పెద్దమనిషి మళ్లీ మొహం చూపించలేదు. అన్న ఒక లాడ్జీలో గుమాస్తాగా చేరి, యాత్రికులకు తాళంచెవులు అందిస్తూనే ముసలివాడయ్యాడు. మళ్లీ ఒక తీగ అతికించడం నేను చూడలేదు. మూడేళ్ల కిందట పోయాడు. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా, ఆ సంగతి నాతోనే మట్టిలో కలుస్తుందిలే అనుకునేదాన్ని.

సాయంత్రం పూజలో వదిన కంప్యూటరుకు గంధం, కుంకుమ పెట్టింది. ముందువైపు ఒక్క చామంతి ఉంచింది. కొడుకు మిగిలిన సరం అందుకుని వెనక చుట్టబోతే చటుక్కున వాడి చెయ్యి పట్టుకుంది.

"ఆడ వద్దు నాయనా. దానికి వేడి తెలియాల."

నేను కొయ్యబారిపోయాను. వాడు లేచి వెళ్లాక, నా వైపు చూడకుండానే అంది: "చొక్కా ఉతకబోతే జేబులో సిక్కినాయి పాపా. ఒకపక్క కమిలిపోయిన పూలు, నేను సుట్టినవే. మీ అన్న సెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే, నాకోసం మోసిన నిందంతా ఊరికే పోతుందనుకున్యా."

ఇప్పటి యంత్రాలకు కాస్త వేడి తగిలితే చాలు, ఇంటిల్లిపాదికీ వినపడేటట్టు చెబుతున్నాయి, చల్లబడగానే ఊరుకుంటున్నాయి. అంత చిన్న విద్య మా ఇంట్లో ఎవరికీ పట్టుబడలేదు. వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద, ఒకే సంగతిని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుని ముసలివాళ్లయ్యారు. లోపల కంప్యూటరు మళ్లీ గుయ్యిమంది. వదిన కొంగుతో కళ్లు తుడుచుకుని, అది తగ్గేదాకా వింటూ కూర్చుంది.