గుండె చప్పుడుతో తెరుచుకునే తాళం

అప్పట్లో నేను రాస్తున్న నవలలో ఒక అంతరిక్ష నౌక, ఆ నౌకలో ఒక విత్తనాల గది ఉండేవి. భూమి మీద మిగలని పంటల విత్తనాలన్నీ ఆ గదిలోనే. దానికి నేనొక తాళం కల్పించాను. నౌక అధిపతి అరచెయ్యి ఆనిస్తే ఆవిడ గుండె చప్పుడును గుర్తుపట్టి తెరుచుకుంటుంది. ఇంకెవరికీ తెరుచుకోదు. పగలగొట్టబోతే లోపలివన్నీ మాడి బూడిదైపోతాయి. ఆ తాళం కోసమే రెండు నోటు పుస్తకాలు నింపాను. నాచారం ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటాను గనక, దాని గొప్ప చెప్పుకోవడానికి ఎవరూ దొరకలేదు.

ఒకరోజు పొద్దున పాలప్యాకెట్ కోసం గడప దాటానో లేదో, గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. తాళంచెవి లోపలే ఉంది. పక్కింటావిడ ఫోన్ చేసి ఉప్పల్ నుంచి చావీలు చేసే ఆయన్ని పిలిపించింది. అరవై దాటిన మనిషి. రెండు సన్నటి కమ్మీలు దూర్చి, చెవి ఆనించి, నిమిషంలో తీసేశాడు. నాకు సిగ్గేసింది. గట్టిదని ఏరి కొన్న తాళం అది.

టీ ఇచ్చి, ఉండబట్టలేక నా నవలలోని తాళం గురించి చెప్పాను. ఆయన నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"ఆ అమ్మకు పానం బాగలేకపోతే ఎట్ల మేడం? గుండె గట్లనే కొట్టుకుంటదా?"

రెండు నోటు పుస్తకాల్లో ఆ సంగతి ఎక్కడా రాసుకోలేదు నేను.

అప్పుడు నారపల్లిలో ఒక ఇంటి సంగతి చెప్పాడు. కొత్తింటికి వేలిముద్రతో తెరుచుకునే తాళం పెట్టించారట. ఆ ఇంటి పెద్దావిడ ఏళ్ల తరబడి ఫ్యాక్టరీలో సీసాలు కడిగిన మనిషి. వేళ్ల మీద గీతలే అరిగిపోయాయి. ఎన్నిసార్లు ఆనించినా తాళం ఒప్పుకోలేదు. కొడుకూ కోడలూ డ్యూటీ నుంచి వచ్చేదాకా మెట్ల మీదే కూర్చునేదట. తన చేతులే మంచివి కావనుకుని, వారం రోజులు ఎవరికీ చెప్పలేదట. చివరికి ఈయన వెళ్లి మామూలు తాళం బిగించి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి వచ్చాడు.

"దొంగ ఎప్పుడన్న ఒక్కసారి వస్తడు మేడం. ఇంటోళ్లు రోజూ రావాలె గదా."

ఆ మధ్యాహ్నం నా అధ్యాయం మళ్లీ చదివాను. నౌకలో అంతమంది ఉన్నా, ఒక్కరిని కూడా ఆ తలుపు ముందు నిలబెట్టి చూడలేదు నేను. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి అధిపతికి గుండెజబ్బు వచ్చింది. తలుపు తెరుచుకోలేదు. తన వల్ల కాదని ఆవిడ అందరి ముందూ ఒప్పుకుంది. విత్తనాలు మాడకుండా పాత తాళం విప్పి, ఆ గదికి ఎవరైనా ముగ్గురు కలిసి తిప్పితే తెరుచుకునే ఇనప తాళం అమర్చడానికి వాళ్లకు నెలలు పట్టింది. నాకు అంతకంటే ఎక్కువే పట్టింది.

నవల అచ్చయ్యాక ఉప్పల్ వెళ్లి ఒక ప్రతి ఆయనకిచ్చాను. మెట్రో పిల్లర్ పక్కన గొడుగు కింద కూర్చుంటాడు. కళ్లజోడు మార్పించుకోవాలని, అందాకా కోడలితో చదివించుకుంటానని అన్నాడు. మాట్లాడుతుండగానే స్కూటర్ చావీ విరిగిందని ఎవరో వచ్చారు. నేను పక్కకు జరిగి, ఆయన ఆకురాయి పట్టుకుని కొత్త చావీ అరగదీయడం చూస్తూ నిలబడ్డాను.