గిల్మెట్ గారి మంచం పక్క బడి

పదహారువందల డెబ్బైల్లో ఫ్రాన్సు దేశంలోని మా తులూజ్‌లో గిల్మెట్ రివాల్ గారంటే తెలియనివాళ్ళు లేరు. తెలియడమంటే గౌరవం అనుకునేరు, సగం మంది నవ్వుకోవడానికే చెప్పుకునేవాళ్ళు. నోటరీ గారి విధవరాలు. మనిషి పొట్టి, నోరు పెద్దది. చిన్నప్పుడు కాన్వెంటులో కుట్టుపనీ ప్రార్థనలూ తప్ప ఏమీ నేర్పలేదని జీవితాంతం సణుగుతూనే ఉంది. మొగుడు పోయాక, పారిస్ నుంచి వచ్చిన కొత్త తత్త్వం ఆవిడ చెవిన పడింది. ఎవరి బుర్రతో వాళ్ళు ఆలోచించవచ్చట, ఆ బుర్రకి ఆడా మగా తేడా లేదట. అంతవరకూ పాపం ఆవిడతో అలాంటి మాట ఎవరన్నారు గనక!

అప్పట్నుంచీ ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో సభ. ఆ రోజుల్లో మర్యాదస్తులైన ఇల్లాళ్ళు అతిథుల్ని మంచం మీంచే పలకరించేవాళ్ళు, అలాగే తనూ దిళ్ళకి చేరగిలబడేది. వచ్చిన మగవాళ్ళూ ఆడవాళ్ళూ మంచానికీ గోడకీ మధ్య సందులో ముక్కాలిపీటల మీద ఇరుక్కుని కూర్చుని, ఆవిడ పెట్టే సోంపు బిస్కెట్లతో పళ్ళు అరగదీసుకునేవాళ్ళు. పాఠం చెప్పేది వైద్యుడు కజాల్. విశ్వవిద్యాలయం గడప తొక్కనివ్వని ఆడవాళ్ళకి అబ్బిన చదువంతా ఆ సందులోదే. దుప్పటి కింద ఆవిడ ముసలి కుక్క మిరో గుర్రుపెట్టి నిద్రపోయేది.

ఆ తత్త్వంలో ఇంకో ముక్క కూడా ఉంది. జంతువులు వట్టి యంత్రాలు, కుక్క అరిస్తే గడియారం గంట కొట్టినట్టే, లోపల బాధంటూ ఏమీ ఉండదు. గిల్మెట్ గారు దాన్నీ కళ్ళకద్దుకుంది. మిరో చెవులు నిమురుతూనే ఆ మాట అందరికీ చెప్పేది. తనకి పీట వేసిన చదువు కదా, అందులో ఒక ముక్కని కాదంటే ఎలా?

ఒక బుధవారం కజాల్ తోలుసంచి విప్పి కత్తులు బయటపెట్టాడు.

"బతికున్న కుక్కని కోసి గుండె ఎలా కొట్టుకుంటుందో చూపిస్తానన్నాను కదా. మిరోని ఇలా ఇవ్వండమ్మా."

"మిరోనా? వీధికుక్కని తెస్తానన్నారుగా!"

"వీధికుక్కదేముంది, ఎవరైనా ఇస్తారు. పెంచుకున్నదాన్ని ఇస్తేనే మీకు తత్త్వం ఒంటబట్టినట్టు. అరుస్తుంది, పట్టించుకోకండి. ఇవ్వనంటారా, ఆడవాళ్ళ చదువు నాలుక చివరి దాకానే అన్నవాళ్ళ మాటే నిజం. నేనిక రాను."

పీటల మీద మగవాళ్ళు ముసిముసిగా నవ్వారు. గిల్మెట్ గారు మనసులో లెక్క వేసుకుంది. ఆయన రాకపోతే మిగతావాళ్ళూ రారు. బుధవారాలు లేకపోతే ఆ ఇంట్లో ఇంకేముంది, నాలుగు గోడలూ, కుట్టుపనీ! పోనీ ఇద్దామా అంటే, దుప్పటి కింద మిరో ఆవిడ మోకాలికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"కాసేపు ఆలోచించుకోనివ్వండి," అంది. నిజంగానే ఆలోచించింది. ఆవిడకి నేర్పింది అదే కదా మరి.

"కజాల్ గారూ, మీకు పన్ను నొప్పి పుడితే నాకెలా తెలుస్తుంది?"

"అదేం ప్రశ్న? మూలుగుతాను కదా."

"మూలుగు మాత్రం ఏమిటి, గాలీ గొట్టాలేగా. మీ లోపలికి దూరి నేనేం చూశాను? మూలుగు విని నమ్ముతున్నాను. మీ మూలుగు సాక్ష్యమైతే దీనిదీ సాక్ష్యమే. దీనిది కాదంటే మీదీ కాదు. ముందు మిమ్మల్ని కోయమంటారా?"

"నేను మాట్లాడతాను! కుక్క మాట్లాడుతుందా?"

"మా అక్క కొడుకు పుట్టుమూగ. వాణ్ణీ కోస్తారా?"

కజాల్ ముఖం కందగడ్డలా అయింది. "కుక్క మీద మమకారం, పైకి మాత్రం తర్కం!" అని కత్తులు సంచిలో పడేసి లేచాడు.

"మమకారమే, లేదన్నానా? మమకారం ఉంటే మాట తప్పయిపోతుందా? తప్పెక్కడుందో చూపించి మరీ వెళ్ళండి."

చూపిస్తేనా! విసవిసా వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ లేచి వెళ్ళారు.

గిల్మెట్ గారు కుక్క మీద చెయ్యి వేసుకుని పీటలవైపు వీపు తిప్పి పడుకుంది. అయిపోయింది, నా బడి నేనే మూయించుకున్నాను అనుకుంది. కన్నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

ఇంతలో వెనక పీట ఈడ్చిన చప్పుడైంది. చేతితొడుగులు కుట్టే ఆయన భార్య కొలోంబ్. ఏళ్ళ తరబడి వస్తోంది, ఒక్కనాడూ నోరు విప్పిన పాపాన పోలేదు.

"నువ్వు వెళ్ళలేదేమే?" అంది గిల్మెట్ గారు.

"వెళ్తే ఎలా వదినా? నువ్వన్నదాంట్లో ఒక తప్పుంది."

"ఏమిటీ?"

"మా ఇంటి తలుపు తెరిచినప్పుడల్లా కీచుమంటుంది. మూలుగే సాక్ష్యమైతే తలుపుకీ నొప్పి ఉండాలిగా?"

గిల్మెట్ గారు లేచి కూర్చుని నోరు తెరుచుకు చూసింది. తర్వాత ఆ ఏడుపులోనే పకపకా నవ్వేసింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నిజమేనే, దీనికేం జవాబు చెప్తాం?" అంటూ మిరోని అటు నెట్టి, కొలోంబ్‌కి మంచం మీద చోటిచ్చింది.