బోర్డు మీద ముట్టడి

కొంపల్లిలో కొత్తగా లేస్తున్న ఒక అపార్టుమెంటు స్తంభాలకు తడి గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి. ఆ వాసన తగలగానే బండి పక్కకు ఆపాను. తొంభైల్లో మా అలియాబాద్ బడి ఆవరణలో లేచిన గోల్కొండ కోటకు సరిగ్గా ఇదే వాసన. గోనెపట్టాలు కుట్టి, ఎర్రమట్టీ సున్నమూ పూసి మా సుగుణ టీచర్ కట్టించిన కోట అది.

ఆమె మాకు సోషల్ చెప్పేది. ఢిల్లీ మొఘల్ సైన్యం చేసిన గోల్కొండ ముట్టడి పాఠాన్ని మేము చిలకల్లా అప్పజెప్పడం చూసి ఆమెకు ఒళ్ళు మండింది. ఇలా కాదని, అల్వాల్‌లో పెళ్ళి వీడియోలు తీసే అతన్ని బతిమాలి ఒక్క రోజుకు కెమెరాతో రమ్మంది. చిన్న సినిమా తీసి కింది తరగతులకు కూడా చూపించాలని ఆమె పట్టుదల. హెడ్‌మాస్టరు అయిష్టంగానే ఒప్పుకున్నారు. ఏ గొడవ వచ్చినా ఆపించేస్తానని ముందే చెప్పారు.

గొడవ నేనే తెచ్చాను. రోడ్డు వైపున్న బోర్డు మీద నోటీసు రాయమంటే, గుండ్రటి అక్షరాల మోజులో పడి, "రేపు పది గంటలకు ముట్టడి. అందరూ కర్రలతో రావాలి" అని రాసి ఊరుకున్నాను. గోల్కొండ మాటే లేదు, సినిమా మాట అసలే లేదు. మా వైపు ముట్టడి అంటే మండలాఫీసు మీదికో కరెంటాఫీసు మీదికో జనం పోవడమే. మర్నాడు కెమెరా కంటే ముందు పోలీసు జీపు వచ్చింది.

జమేదారు దిగి, ఏ ఆఫీసు మీదికి పోతున్నారని అడిగాడు. బోర్డు ఎవరు రాశారని హెడ్‌మాస్టరు గద్దించేసరికి నేను గోనెపట్టాల కోట చాటుకు జరిగాను. సుగుణ టీచర్ నన్నొకసారి చూసి ముందుకు నడిచింది.

"నేనే రాయించిన సార్. గోల్కొండ అని పెట్టిచ్చుడు మర్సిన" అంది. వెంటనే జమేదారు వైపు తిరిగింది. "మాకు ఢిల్లీ ఫౌజు తక్కువ వడ్డది. జెర గా దిక్కు నిలవడుండ్రి."

జమేదారు నవ్వాపుకోలేక, కానిస్టేబుళ్ళతో సహా వెళ్ళి నిలబడ్డాడు. హెడ్‌మాస్టరు సినిమా ఆపించలేదు. ఆ సినిమాలో ఢిల్లీ ఫౌజు ముందు వరుస ఖాకీ ప్యాంట్లతోనే కోట మీద పడుతుంది.

సాయంత్రం ఏడుస్తూ ఆమె దగ్గరికి వెళ్ళి, ఇక ఆ బోర్డు ముట్టనన్నాను.

"గసొంటి తప్పు మల్ల నువ్వైతె జెయ్యవు. వేరేటోల్లు జేస్తరు" అని సుద్దముక్కల డబ్బా నా చేతిలో పెట్టింది. "ఇగ రేపటి సంది బోర్డు నీదే."

ఇప్పుడు మేడ్చల్ దగ్గర ఒక బడికి నేనే హెడ్‌మిస్ట్రెస్‌ని. కోపం నాకు తక్కువేమీ కాదు. పని చెడగొట్టినవాళ్ళను గట్టిగానే కేకలేస్తాను. కానీ ఆ పనిని వాళ్ళ చేతుల్లోంచి మాత్రం తీసుకోను.