వాసన లేని వార్నిష్

ముక్కు మేస్త్రితో ఆ మధ్యాహ్నం అల్లుడు అన్న మాట నిజమా, జాలిపడి ఆడిన అబద్ధమా? తలచుకున్నప్పుడల్లా మనసు ఒకసారి ఇటూ ఒకసారి అటూ మొగ్గడమే తప్ప, తేల్చి చెప్పడం ఇప్పటికీ చేతకావడం లేదు. అన్నవాడు దాని గురించి మళ్ళీ నోరెత్తలేదు. విన్నవాడు అడగలేదు.

మేస్త్రి పని చెక్కకు పాలిష్ పెట్టడం. తలుపులు, బీరువాలు, మెట్ల పక్కన పట్టుకునే కర్ర, గోడలకు బిగించిన పలకలు, ఇంటి లోపల చెక్క ఎక్కడ కనిపించినా అది ఆయన రాజ్యమే. ఆయన ముక్కు చూడడానికి అంత పెద్దదేమీ కాదు. ఆ పేరు పనితనం వల్ల వచ్చింది. వార్నిష్ వేసిన పలక ఆరిందో లేదో అందరూ వేలు పెట్టి చూస్తారు. ఆయన వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గట్టిగా పీల్చేవాడు. థిన్నర్ ఘాటు పోయి, దాని వెనకాల సన్నటి తీపి మిగిలితే రెండో పూతకు వేళ అయిందన్నమాట. ఇంకా పచ్చిగానే ఉందని ఆయన అంటే పచ్చిగానే ఉండేది. మూత తీయగానే సరుకు పాతదో కొత్తదో, అందులో కిరసనాయిలు కలిసిందో లేదో చెప్పేసేవాడు. ఆయన వస్తున్నాడంటే కొట్టువాళ్ళు మంచి డబ్బా ముందుకు జరిపి, మిగతావి వెనక్కి నెట్టేవాళ్ళు.

ఆ ఏడు చలికాలంలో పట్టుకున్న జలుబు మేస్త్రిని ఒక పట్టాన వదల్లేదు. అది వదిలాక కూతురి వంట చప్పబడింది. కూరలో ఏదో తగ్గిందని రోజూ సణిగేవాడు. ఏం తగ్గిందో చెప్పు నాన్నా అని ఆమె నిలదీస్తే, నీ చెయ్యే మారిపోయింది పొమ్మనేవాడు. ఒక ఉదయం పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. మేస్త్రి పక్క గదిలోనే కూర్చుని తీరిగ్గా బ్రష్షులు దువ్వుకుంటున్నాడు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న కూతురు పరుగెత్తుకొచ్చి గ్యాస్ కట్టేసింది. కిటికీలన్నీ బార్లా తెరిచి, తండ్రి ముఖంలోకి ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. తిట్టి ఉంటే అక్కడితో పోయేది. ఆ కూతురు తిట్టకుండా వదిలేసిన తప్పు ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చేసి ఎరగరు.

అప్పటినుంచి ఆయనకు అన్నీ అనుమానాలే. కూతురూ అల్లుడూ వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటే అది తన గురించే. తను వెళ్ళగానే మాట మారిస్తే తన గురించే. మార్చకపోతే, మార్చకుండా నటిస్తున్నారన్నమాట. తన ముక్కు సంగతి తనకంటే ముందే వీళ్ళకు తెలిసిపోయి, పైకి చెప్పకుండా దాస్తున్నారేమో. పోయిందని ముఖాన చెబితే ఓ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటాడు. నోటితో మేస్త్రీ మేస్త్రీ అంటూ వెనకాల జాలిపడి, పనిలో బొమ్మలా కూర్చోబెడితే మాత్రం ఓర్చుకోలేడు.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే, పనిలో తనతో పాటు తిరిగే అల్లుడు వాసన లేని వార్నిష్ తెచ్చాడు.

పని ఒప్పుకున్న ఇంట్లో పెద్దావిడకు ఆయాసం. ఘాటు తగిలితే ఊపిరి అందదు. పని అయ్యేదాకా ఆవిడను వేరే చోట ఉంచే వీలు లేదు. అందుకని హాల్లో పలకలకూ తలుపులకూ నీళ్ళ వార్నిష్ వేయాలని ఆవిడ కోడలు ముందే మాట తీసుకుందట. అల్లుడు ఇవన్నీ విడమరిచి చెప్పి, దీనికి వాసనే రాదన్నాడు. మేస్త్రి అంతా విని, డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నీళ్ళున్నాయని డబ్బా మీదే అచ్చేశారా? మన పాలవాడికి కూడా ఇంత ధైర్యం లేదే.”

“కలిపిన నీళ్ళు కావు మావయ్యా. దాని తయారీయే నీళ్ళతో.”

“వాడూ అదే అంటాడు, గేదె నీళ్ళు తాగిందని.”

మూత తీస్తే లోపల చిక్కటి పాలలా తెల్లగా ఉంది. ఆరాక అద్దంలా అయిపోతుందన్నాడు అల్లుడు. మేస్త్రి వంగి పీల్చాడు. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు. గాలి లోపలికి వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. అల్లుడు తనవైపే చూస్తున్నాడని అనిపించి, సరుకు బాగానే ఉందని చెప్పి మూత పక్కన పెట్టాడు.

ఈ వార్నిష్ మర్యాదలు వేరు. డబ్బాను ఊపకూడదు. ఊపితే నురగ కడుతుంది, ఆ నురగ పలక మీద బుడగలవుతుంది. చదునైన పుల్లతో అడుగునుంచి మెల్లగా తిప్పాలి. జంతువుల వెంట్రుకలతో చేసిన బ్రష్షు నీళ్ళు తాగి ఉబ్బిపోతుంది గనక నైలాన్ బ్రష్షు వాడాలి. పలచగా, చెక్క నార వెంట, ఒకే లాగుడు. వెనక్కి వచ్చి సవరిద్దామంటే అప్పటికే ఆరడం మొదలై గీతలు పడతాయి. మొదటి పూత ఆరాక చెక్క మీద సన్నటి నూగు లేస్తుంది. దాన్ని గరుకు కాగితంతో పైపైన రుద్ది, తడిగుడ్డతో తుడిచి, రెండో పూత వేయాలి. ఇదంతా మేస్త్రి చెయ్యి ఒక్క పూటలో పట్టేసింది. తెలుపు కళ్ళముందే కరిగిపోయి, చెక్క తన రంగుతోనే, పసుపు తిరగకుండా పైకి తేలింది. బాగుందని ఒప్పుకోవడానికి మాత్రం ఆయనకు మనసు రాలేదు. పలక ముందు అలవాటుగా వంగాడు, కళ్ళు మూసుకున్నాడు, పీల్చాడు, అలాగే ఉండిపోయాడు. ఆరిపోయింది మావయ్యా, గంట దాటిందని అల్లుడు గోడ గడియారం చూసి చెప్పాడు. గడియారాన్ని అడిగి పాలిష్ పెట్టే రోజులొచ్చాయన్నమాట అనుకున్నాడు మేస్త్రి.

హాల్లోకి తెరుచుకునే గదిలో పెద్దావిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. తలుపు తీసే ఉంది. ఆవిడ ఒక్కసారైనా దగ్గలేదు. మేస్త్రి గుమ్మం దాకా వెళ్ళి, వాసనకు ఏమైనా ఇబ్బందిగా ఉందా అని మాటల్లో మాటగా అడిగాడు. అసలు వాసనే రావడం లేదని ఆవిడ కూడా అంటే ఈ గొడవ వదిలిపోతుంది.

“లేదు నాయనా, కొంచెమే. కొత్త పుస్తకం తెరిచినట్టు సన్నగా వస్తోంది,” అంది ఆవిడ. “ఏం, నీకు రావడం లేదూ?”

“రాకేం అమ్మా,” అన్నాడు మేస్త్రి.

అంటే వస్తోందన్నమాట. అల్లుడు రాదన్నాడు, ఈవిడకు వస్తోంది. మంచం మీది మనిషికి అబద్ధమాడాల్సిన పనేముంది? మామకు ఎలాగూ తెలియదు గనక, అల్లుడు ముందే దారి సుగమం చేసి పెట్టాడు. ఏరికోరి ఈ సరుకు తెచ్చింది పెద్దావిడ కోసమా, తన కోసమా? ఘాటు లేకపోతే చాలు, జనం వాసన లేదనే అంటారని, ఆ మాటను ఎవరూ తక్కెడలో వేసి తూచరని ఆయనకు తెలియక కాదు. అనుమానం పట్టుకున్నాక తెలిసిన సంగతులు అక్కరకు రావు.

మధ్యాహ్నం గరుకు కాగితాలు అయిపోతే అల్లుడు వీధి చివర కొట్టుకు వెళ్ళాడు. మేస్త్రి సంచిలో చెయ్యి పెట్టి, అడుగునున్న, బ్రష్షులు కడుక్కునే తన టర్పెంటైన్ సీసా పైకి తీశాడు. మందుల కొట్లో ఉండే రకం గోధుమరంగు గాజు సీసా అది. ఈ ఇంట్లో దాని మూత తీయనని కోడలికి మాట ఇచ్చిన సంగతి గుర్తుంది. ఒక్క క్షణమేగా అనుకుని, కునుకు తీస్తున్న పెద్దావిడ గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి, కిటికీ పక్కన నిలబడి మూత తిప్పాడు.

వచ్చింది. ముక్కు దూలాన్ని పట్టుకునే ఆ చేదు, దాని వెనక చెట్టు జిగురు, ఆ వెనక ఎప్పుడో తను పని నేర్చుకున్న షెడ్డులోని రంపపు పొట్టు, అన్నీ వరసగా వచ్చాయి. కళ్ళు చెమర్చాయి. చెమర్చాయంటే ఘాటు ఉన్నట్టే కదా. ముక్కు బతికే ఉంది. మేస్త్రికి గంతులు వేయాలనిపించింది గానీ మోకాళ్ళు ఒప్పుకోవని నిలబడే ఉన్నాడు. కాసేపటికి ఆ సంతోషం కోపంలోకి తిరిగింది. కోపం వస్తే ఆయన అల్లుడికి గౌరవం పెంచేవాడు.

అల్లుడు లోపలికి అడుగు పెట్టగానే సీసా ముందుకు చాపాడు.

“అల్లుడుగారూ, మీరూ మీ ఆవిడా కలిసి నా ముక్కు చచ్చిందని తీర్మానించేశారు. ఇదిగో, వాసన చూడండి. నాకు నిక్షేపంలా వస్తోంది.”

అల్లుడు సీసా అందుకుని మామగారి ముఖంలోకి చూశాడు. తర్వాత సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని నిదానంగా పీల్చాడు.

“అవును మావయ్యా. ఘాటుగానే ఉంది.”

ఎదురు చెప్పి ఉంటే మేస్త్రి నమ్మేవాడు. ప్రతి మాటకూ ఒక మాట తగిలించే అల్లుడు, ఆయాసం మనిషి ఉన్న ఇంట్లో టర్పెంటైన్ తెరిచినందుకు విసుక్కోవలసినవాడు, మూత లాక్కుని బిగించవలసినవాడు, మెత్తగా అవునన్నాడు. మేస్త్రి సీసా వెనక్కి తీసుకున్నాడు. వార్నిష్ పట్టి ఉన్న నైలాన్ బ్రష్షును ఒక ఖాళీ డబ్బాలో పెట్టి, దాని మీద సీసా వంచాడు. నిజంగా టర్పెంటైన్ అయితే ఈ వార్నిష్ దానితో కలవదు. విరిగి, ముద్దకట్టి, బ్రష్షుకు అతుక్కుపోవాలి. బ్రష్షులోని తెలుపు మాత్రం సాఫీగా కరిగి డబ్బా అడుక్కు కారిపోయింది. అరచేతిలో కాస్త పోసుకున్నాడు. చల్లగా ఉంది. జిడ్డు లేదు.

“పొద్దున్నే పారబోసి కడిగేశాను మావయ్యా,” అన్నాడు అల్లుడు నేల చూస్తూ. “ఆవిడున్న ఇంట్లోకి ఎందుకని. బ్రష్షు కడుక్కోడానికి ఉంటాయని నీళ్ళు పట్టాను.” సీసా వైపు ఒకసారి చూసి మళ్ళీ అన్నాడు. “ఎంత కడిగినా ఏళ్ళ తరబడి పట్టిన వాసన కదా. నాకూ వచ్చింది. నిజంగానే.”

మేస్త్రి సీసాకు మూత బిగించి కిటికీలో పెట్టాడు. కొత్త గరుకు కాగితం అందుకుని మిగిలిన పలకలు రుద్దాడు. తడిగుడ్డతో తుడిచాడు. రెండో పూత మొదలుపెట్టి, పై అంచునుంచి కింది అంచు దాకా, చెయ్యి ఎత్తకుండా, ఒక్కో పలకా పూర్తి చేశాడు. ఎక్కడా బుడగ లేదు, గీత లేదు. పని అయ్యాక మేస్త్రి బ్రష్షు అల్లుడి చేతిలో పెట్టాడు. అతను దాన్ని కడగడానికి స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పాడు.

మేస్త్రి పెద్దావిడ గది తలుపు మళ్ళీ బార్లా తీశాడు. ఆవిడ నిద్ర లేచి ఏదో అడగబోయింది. ఆయన వినిపించుకోనట్టు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. సంచి తీసుకోలేదు. లోపల కొళాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. అల్లుడికి గానీ, ఆవిడకు గానీ వెళ్ళొస్తానని చెప్పకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు.