తీసేసే ముందు అడగమన్న మనిషి

ఆదివారం పొద్దున ఆఫీసులో సిస్టమ్ ఆన్ చేస్తుండగా రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. సెలవు మీద ఊరెళ్లిన మా అన్న ముందురోజు సాయంత్రం గుండెపోటుతో పోయాడు. చెప్పింది ఆయన తమ్ముడు. అన్న అంటే నాకు రక్తసంబంధం కాదు. కువైట్‌లో, షర్క్‌లోని మా కంపెనీ నెట్‌వర్క్ విభాగంలో నాకు పని నేర్పిన సీనియర్. చేరిన మొదటి రోజే "సార్ గీర్ వద్దుబ్బా, అన్నా అను సాలు" అన్నాడు. నాలుగేళ్లూ అలాగే పిలిచాను.

మా పని గొప్పదేమీ కాదు. ఆఫీసు, గోడౌన్ల ఇంటర్నెట్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఏ వెబ్‌సైట్లు తెరవాలి, ఏవి ఆపాలి అన్నది కేటగిరీల పేరుతో జాబితాలు కట్టి పెడతాం. మాకంటే ముందు పనిచేసినవాళ్లు తోచిన పేర్లు పెట్టి కట్టిన జాబితాలు కుప్పలుగా పేరుకుపోయాయి. ఏదో ఒక రూల్‌లో వాడుకలో ఉన్న కేటగిరీని ఫైర్‌వాల్ తీయనివ్వదు. ముందు దాన్ని ఆ రూల్ నుంచి విడదీయాలి, తర్వాత తుడిచెయ్యాలి. ఆ రెండు పనులూ ఒకేసారి చేసే చిన్న టూల్ అన్న రాశాడు. టూల్‌కు రెండు రోజులు పట్టింది. దాన్ని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంట్‌కు నెల పట్టింది.

డాక్యుమెంట్ విషయంలో ఆయన చాదస్తం అంతా ఇంతా కాదు. రాసిన పేజీ నా ముందు పెట్టి, తను పక్క కుర్చీలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. నేను తడబడినా ఉలకడు, పలకడు. "నన్ను అడగొద్దు, పేజీని అడుగు. నేను లీవులో ఉంటే యాడికని ఫోన్ చేస్తావు?" అనేవాడు. నేను ఆగిన చోటల్లా ఒక వాక్యం చేర్చేవాడు. నాకు విసుగొచ్చి, "ఇంత వివరంగా రాస్తే మన ఉద్యోగం ఎవడైనా చేసేస్తాడన్నా" అంటే, "చెయ్యనీలేరా, మనం పోయి చాయ్ తాగుదాం" అని నవ్వేవాడు.

ఆ డాక్యుమెంట్ పూర్తి కాకముందే నేను తొందరపడ్డాను. 'టెంప్ 2' అనే కేటగిరీ కనిపించింది. అందులో ఉన్నది ఒకే ఒక్క వీడియో కాల్ సైట్. ఎవరో తాత్కాలికంగా పెట్టి మర్చిపోయారనుకుని టూల్‌తో తీసేశాను.

నాలుగు రోజుల తర్వాత అన్న ఏదో పని మీద సబ్హాన్‌లోని మా గోడౌన్‌కు వెళ్లాడు. అక్కడ టీలు పెట్టే ఆవిడది అమలాపురం వైపు. ఆమె కూతురికి వినపడదు, మాట రాదు. సైగలతోనే మాట్లాడాలి. ఈమె డ్యూటీ దిగి గదికి చేరేసరికి ఊళ్లో పిల్ల నిద్రపోతుంది. మధ్యాహ్నం విరామంలో గోడౌన్ వైఫై మీద ఒకరినొకరు చూసుకునే పావుగంటే ఆ తల్లీకూతుళ్లకు మిగిలింది. దానికోసమే అన్న ఎప్పుడో ఆ ఒక్క సైట్ తెరుచుకునేలా 'టెంప్ 2' పెట్టాడు. అది పోయాక ఆమె తన ఫోన్ పాడైందనుకుంది, పిల్ల అలిగిందనుకుంది, ఎవరినీ అడగలేదు. అన్న పలకరిస్తేనే సంగతి బయటపడింది.

అన్న తిరిగొచ్చి కేకలేయలేదు. "పేరు టెంపరరీ అని ఉంటే ఆ పిల్లకు చెవుడు గూడా టెంపరరీనా? ఎవరినన్నా అడిగినావా నువ్వు?" అన్నాడు. బ్యాకప్‌లోంచి తీసి ఆయనే మళ్లీ పెట్టాడు.

ఆ నెలాఖరు మీటింగ్‌లో మేనేజర్ పూర్తయిన డాక్యుమెంట్ చదివాడు. మూడో స్టెప్ ఇలా ఉంది: "తీసే ముందు దాన్ని వాడే మనిషిని స్వయంగా వెళ్లి అడగండి. నేను ఒకసారి అడగకుండా తీశాను. ఒక తల్లి నాలుగు రోజులు కూతుర్ని చూడలేకపోయింది." మేనేజర్ కళ్లజోడు తీసి, "ఇది నువ్వు చేశావా?" అని అడిగాడు. "యెస్ సార్" అన్నాడు అన్న. కువైట్‌లో ఉండేందుకు కావాల్సిన ఆయన ఇఖామా రెన్యువల్ కాగితాలు అదే మేనేజర్ సంతకం కోసం ఆగి ఉన్నాయి. అది తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. బయటికొచ్చాక ఎందుకలా చెప్పావని అడిగితే, "ఆ దిక్కుమాలిన పేరు పెట్టింది నేనే గదా. నీది కొత్త ఉద్యోగం. ఖలాస్, ఇడిసిపెట్టు" అన్నాడు. ఆ సంతకం అయ్యేదాకా నాకు సరిగ్గా అన్నం దిగలేదు. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

అన్న పోయిన కబురు వచ్చిన మర్నాడే, కొత్త ఫైర్‌వాల్ వస్తోంది, పాత కేటగిరీలు తీసెయ్యమన్నారు. డాక్యుమెంట్ తెరిచాను. మూడో స్టెప్‌లో "నేను" అన్నచోట నా పేరు రాశాను. తర్వాత అందులో ఉన్నట్టే సబ్హాన్ వెళ్లి, వీడియో కాల్ ఇంకా వాడుతున్నారా అని ఆమెను అడిగాను.

"తీసేయకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. కావాలంటే ఆయన్నడగండి. అప్పుడోసారి పోతే, నావల్లే పోయిందమ్మా, క్షమించు అని ఆయనే వచ్చి చెప్పారండి."

"తీయనమ్మా, కొత్తదాంట్లోనూ పెడతాను. కానీ అప్పుడు తీసింది నేను, ఆయన కాదు" అన్నాను. "ఆయన శనివారం పోయారు."

ఆమె టీ గిన్నె కింద మంట ఆపేసింది. ఇంతలో రెండయింది, ఫోన్ మోగింది. ఆమె దాన్ని పంచదార డబ్బాకు ఆనించి నిలబెట్టింది. అన్న గోడౌన్‌కు వెళ్లినప్పుడల్లా ఆ పిల్లకు కనిపించి చెయ్యి ఊపి వచ్చేవాడట. ఆయనది పొడవాటి గడ్డం. తల్లి వెనక నన్ను చూడగానే పిల్ల తన చుబుకం కింద లేని గడ్డాన్ని దువ్వి, అరచెయ్యి తిప్పి అడిగింది, ఆయనేడీ అని.

తల్లి రెండు చేతులూ పైకెత్తింది. ఎత్తిన చేతులు అక్కడే ఆగిపోయాయి. తెర మీద పిల్ల ఆ చేతుల వైపే చూస్తూ కూర్చుంది.